100ఎక్స్ జూమ్‌తో అడవి బాతు ఫొటో తీశాం.. అందులో బాతు ఎంత, ఏఐ ఎంత?

పోయిన జనవరిలో ఒక ఆదివారం. ఇంకా చీకటి ఉండగానే ఆదోనిలో బైక్ తీసి, ఎమ్మిగనూరులో టీ తాగి, గోనెగండ్ల మీదుగా గాజులదిన్నె ప్రాజెక్టు కట్ట మీదకి చేరుకున్నాం. నేనూ, మా ఫ్రెండూ. వాడు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాడు. అంతకు నెల ముందే ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొన్నాడు, 24 నెలల ఈఎంఐ మీద. ఎందుకు కొన్నావురా అంటే ఒకటే మాట: "జూమ్ మామా, జూమ్!"

కట్ట మీద నుంచి చూస్తే నీళ్ల మధ్యలో ఓ ఇరవై ముప్పై చిన్న బాతులు తేలుతున్నాయి. కంటికి చుక్కల్లా కనిపిస్తున్నాయి. వాడు ఫోన్ తీసి, 100ఎక్స్ పెట్టి, ఊపిరి బిగబట్టి టకటకా మూడు నాలుగు ఫొటోలు తీశాడు. ప్రాసెసింగ్ అయ్యాక స్క్రీన్ చూసి ఇద్దరం ఎగిరి గంతేశాం. ఈకలు లెక్కపెట్టొచ్చు, అంత క్లియర్! వెంటనే వాట్సాప్ స్టేటస్.

పది గంటలకి ఎమ్మిగనూరులో మాకు తెలిసిన ఒక టీచర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆయనకి పక్షుల్ని చూసే అలవాటు చాలా ఏళ్లుగా ఉంది. "బాగుందప్పా. ఇంతకీ ఇది గార్గనీ ఆడదా, కామన్ టీల్ ఆడదా? మొహం మీద గీతలు సరిగ్గా చూసి చెప్పు."

ఈ రెండూ చలికాలంలో మన చెరువులకి వచ్చే చిన్న బాతులే. ఆడవి రెండూ గోధుమ రంగులో దాదాపు ఒకేలా ఉంటాయి. గార్గనీ ఆడదాని మొహం మీద ముదురు, లేత గీతలు కొట్టొచ్చినట్టు ఉంటాయి, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ కూడా ఉంటుంది. టీల్ మొహం సాదాగా ఉంటుంది. అంతే తేడా. సరే అని ఫొటోలు మళ్లీ తెరిచి పెద్దవి చేసి చూశాం. మొదటి దాంట్లో కంటి పక్క ఒక గీత ఉంది. అదే బాతు, రెండో ఫొటోలో రెండు గీతలు. మూడో దాంట్లో అసలు గీతే లేదు. ఒక్క నిమిషం తేడాతో తీసిన ఫొటోలు ఇవి!

అంటే మేం చూసి మురిసిపోయిన ఈకల్లో కొన్ని ఆ బాతువి కావు. ఫోన్ గీసినవి.

అప్పటి నుంచి నా అభిప్రాయం మారిపోయింది. దూరంగా ఉన్న పక్షి విషయంలో 100ఎక్స్ అనేది కెమెరా ఫీచర్ కాదు, బొమ్మలు గీసే ఫీచర్. నిజమైన బాతు ఫొటో కావాలంటే దూరం తగ్గించుకోవాలి. ఆ దూరం కూడా బాతుని భయపెట్టకుండా తగ్గించుకోవాలి. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

ముందు లెక్క చూద్దాం

గెలాక్సీ ఎస్24 అల్ట్రా, ఎస్25 అల్ట్రా లాంటి ఫోన్లలో 5ఎక్స్ టెలిఫొటో లెన్స్ ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా భాషలో అది సుమారు 111 ఎంఎం. ఆ లెన్స్‌తో 100 మీటర్ల దూరంలో చూస్తే ఫ్రేమ్‌లో దాదాపు 32 మీటర్ల వెడల్పు పడుతుంది. ఫొటో 12 మెగాపిక్సెల్ అయితే ఆ వెడల్పుకి 4000 పిక్సెళ్లు.

ఇప్పుడు అక్కడ ఒక స్పాట్ బిల్డ్ డక్ ఉందనుకోండి. మన చెరువుల్లో ఏడాది పొడవునా ఉండే పెద్ద బాతు ఇది. ముక్కు నల్లగా ఉండి, చివర మాత్రం పసుపు రంగు. పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. లెక్క వేస్తే ఆ బాతు మొత్తానికి దక్కేది దాదాపు 75 పిక్సెళ్లు. పూర్తి 50 మెగాపిక్సెల్ మోడ్ వాడినా 150. అదీ లైట్ బాగుండి, చెయ్యి వణక్కుండా ఉంటేనే.

అదే బాతు 100ఎక్స్ స్క్రీన్ మీద ఎంత ఉంటుంది? 100ఎక్స్ అంటే 2400 ఎంఎం. 100 మీటర్ల దగ్గర ఫ్రేమ్ వెడల్పు ఒకటిన్నర మీటరే. అంటే బాతు ఫ్రేమ్‌లో 40 శాతం నిండిపోతుంది, దాదాపు 1600 పిక్సెళ్లు. సెన్సర్‌కి అందింది 150, మీకు చూపించేది 1600. మిగతావి ఎక్కడి నుంచి వచ్చాయి? అందులో కొంత పక్కపక్క పిక్సెళ్లని సాగదీసింది, కొంత వరసగా తీసిన ఫ్రేములు కలిపి రాబట్టింది, మిగతాది ఏఐ ఊహ.

ఇంకో తమాషా చూడండి. 100ఎక్స్ స్పేస్ జూమ్ 2020లో ఎస్20 అల్ట్రాతో వచ్చింది. అప్పుడు లోపల ఉన్న లెన్స్ సుమారు 4ఎక్స్. తర్వాత ఎస్21 నుంచి ఎస్23 అల్ట్రా దాకా 10ఎక్స్ లెన్స్ పెట్టారు. ఎస్24 అల్ట్రాలో మళ్లీ 5ఎక్స్ చేశారు. లోపల లెన్స్ మూడు రకాలుగా మారింది, బాక్స్ మీద అంకె మాత్రం 100 దగ్గరే ఉంది. అలాంటప్పుడు ఆ అంకె చూసి మనకి ఏం తెలుస్తుంది?

చంద్రుడి దగ్గర మొదలైన కథ

ఇది మనకి కొత్త విషయమేం కాదు. 2023లో ఒక రెడ్డిట్ యూజర్ చంద్రుడి ఫొటోని కావాలనే బ్లర్ చేసి, మానిటర్ మీద పెట్టి, దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. బ్లర్ చేసిన ఫొటోలో లేని గుంతలు ఫోన్ ఫొటోలో వచ్చాయి. దాని మీద పెద్ద చర్చే జరిగింది. చంద్రుణ్ని ఏఐ గుర్తుపట్టి డీటెయిల్ పెంచుతుందని, వద్దనుకుంటే సీన్ ఆప్టిమైజర్ ఆఫ్ చేసుకోవచ్చని శాంసంగ్ వివరణ ఇచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన పిక్సెల్ 10 ప్రోలో గూగుల్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రో రెస్ జూమ్ పేరుతో 100ఎక్స్ దాకా వెళ్తుంది, అందులో జెనరేటివ్ ఏఐ వాడుతున్నామని వాళ్లే ఓపెన్‌గా చెప్పారు. ఫొటోలో ఆ సమాచారం ముద్రగా కూడా పడుతుంది. దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి.

చంద్రుడి విషయంలో ఏఐ గీసినా పెద్ద నష్టం లేదు. ఉన్నది ఒక్క చంద్రుడు, మనకి కనిపించే మొహం ఎప్పుడూ అదే. బాతు అలా కాదు. ఏ జాతి, ఆడదా మగదా, పిల్లా పెద్దదా, ఇవన్నీ తేలేది చిన్న చిన్న గీతల దగ్గరే. సరిగ్గా ఆ గీతల్నే ఏఐ తన ఊహతో నింపుతోంది.

"స్టేటస్‌కే కదా బ్రో, ఇంత సీరియస్ ఎందుకు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్టేటస్‌కి అయితే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ రోజు పక్షుల లెక్క మన ఫోన్ల మీదే ఆధారపడుతోంది. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఈబర్డ్ యాప్‌లో మీరూ నేనూ పెట్టే లిస్టులు, ఫొటోలతోనే ఏ పక్షి ఎక్కడ ఉందో మ్యాప్ తయారవుతుంది. ప్రతి జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తున్న ఆ పనిలో వాలంటీర్లే బలం. అరుదైన పక్షి అని ఎవరైనా పెడితే, రివ్యూయర్ చూసేది ఫొటోనే. అందులో ఏఐ గీసిన గీత ఉంటే ఆయన ఏం చెయ్యాలి?

మన జిల్లా వాళ్లకి ఇది ఇంకా బాగా అర్థం కావాలి. రోళ్లపాడు గుర్తుందా? పాత కర్నూలు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం అక్కడ అభయారణ్యమే పెట్టారు. ఆ పిట్ట ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. పక్షి ఉన్నప్పుడు నమ్మకమైన రికార్డు లేకపోతే, పోయాక ఎంత పోయిందో చెప్పడానికి కూడా మన దగ్గర ఏమీ మిగలదు.

సరే, దగ్గరికి వెళ్దాం అనుకున్నాం

100 మీటర్ల దూరాన్ని 25 మీటర్లకి తగ్గిస్తే ఏమవుతుంది? అదే 5ఎక్స్ లెన్స్, అదే 50 మెగాపిక్సెల్ మోడ్. బాతుకి 600 నిజమైన పిక్సెళ్లు. పొడవులో 4 రెట్లు, విస్తీర్ణంలో 16 రెట్లు. ఏ అప్‌గ్రేడూ, ఏ ఈఎంఐ కూడా ఇంత లాభం ఇవ్వదు.

దానికి మావాడు పట్టుకొచ్చిన ఐడియా కయాక్. ఆన్‌లైన్‌లో గాలి కొట్టుకునే రకం ఒకటి తెప్పించాడు. తర్వాతి ఆదివారం మళ్లీ గాజులదిన్నె. కట్ట దగ్గర సిబ్బందిని అడిగాం. గేట్ల వైపు అస్సలు రావద్దు, ఒడ్డు వదిలి దూరం పోవద్దు అన్నారు. లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కాం.

బాతుల గుంపు కనిపించగానే నేరుగా వాటి వైపు తెడ్డు వేశాం. ఇంకా ఎనభై మీటర్లు ఉండగానే మొత్తం గుంపు లేచిపోయింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో నీళ్లు తప్ప ఏమీ లేవు.

పక్కనే పుట్టిలో చేపల వల తీస్తున్న ఒక పెద్దాయన నవ్వాడు. "అట్ల నేరుగా పోతే యాడుంటాయప్పా? ఆ కట్టె అంత పైకి లేపితే గద్ద అనుకుంటాయి."

తుంగభద్ర పక్కన పెరిగిన వాళ్లకి పుట్టి తెలియకుండా ఉండదు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి చేసే గుండ్రటి పడవ. మంత్రాలయం దగ్గర చూసే ఉంటారు. ఆయన పుట్టికి ఒక్క పొట్టి తెడ్డు, అది నీళ్ల మట్టం దాటి పైకి లేవనే లేవదు. మా కయాక్ తెడ్డుకి రెండు వైపులా పసుపు రంగు రెక్కలు. ఒకటి నీళ్లలో ఉంటే ఇంకోటి మా తల కంటే ఎత్తులో తళతళలాడుతోంది. ఆయన ఇరవై మీటర్ల దూరంలో ఉన్నా బాతులు పట్టించుకోవు. రోజూ చూసే మనిషి, వాటి వైపు చూడడు, వాటి వెంట పడడు.

ఆయన చెప్పినట్టే చేశాం. ఒడ్డున తుంగ గడ్డి ఉన్న చోటికి వెళ్లి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఊరికే కూర్చున్నాం. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. నడుము పట్టేసింది. మావాడు రెండుసార్లు పోదాం రా అన్నాడు. ముప్పావు గంట దాటాక ఒక స్పాట్ బిల్డ్ జంట గడ్డి అంచు వెంట మేత వెతుక్కుంటూ తమంతట తామే మా వైపు వచ్చాయి. ముక్కు చివర పసుపు, ముక్కు మొదట్లో ఎర్ర చుక్క, రెండూ మామూలు కంటికే కనిపించాయి. 5ఎక్స్‌లో తీశాం. ఏఐ జూమ్ లేదు. ఆ ఫొటో టీచర్ గారికి పంపితే ఆయన ఏ ప్రశ్నా అడగలేదు.

ఇక్కడ ఇంకో లాభం ఉంది, స్పెక్ షీట్‌లో కనిపించదు. కట్ట మీద నుంచి తీస్తే బాతు వెనక మొత్తం నీళ్లే, పై నుంచి చూసినట్టు చదునుగా ఉంటుంది. కయాక్‌లో మన కళ్లు నీటికి ఒక మీటరు కూడా ఎత్తులో ఉండవు. బాతు కంటి మట్టంలో ఫొటో వస్తుంది. వెనక ఉండే ఒడ్డు చాలా దూరంలో ఉండటం వల్ల, చిన్న సెన్సర్ ఉన్న ఫోన్‌లో కూడా బ్యాక్‌గ్రౌండ్ సహజంగా మెత్తబడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ అవసరం లేదు.

కానీ ఒక్క మాట, తరమొద్దు

ఇది చదివి రేపే నలుగురు కయాక్ కొని బాతుల వెంట పడితే, ఈ ఆర్టికల్ రాసి నేను తప్పు చేసినట్టే. అందుకే గట్టిగా చెప్తున్నా.

చలికాలం వచ్చే బాతులు టూరిస్టులు కావు. గార్గనీ లాంటివి వేల కిలోమీటర్లు దాటి వస్తాయి. పట్టె తల బాతులు హిమాలయాల మీదుగా ఎగురుతూ 7 వేల మీటర్ల పైన కూడా నమోదయ్యాయి. మన పక్కన కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకి అవి చలికాలంలో పెద్ద సంఖ్యలో వస్తాయి. ఆ చెరువుకీ, తుంగభద్ర డ్యామ్ వైపు ఉన్న అంకసముద్రానికీ 2024లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఈ పక్షులు మార్చి నాటికి తిరుగు ప్రయాణానికి కొవ్వు పెంచుకోవాలి. మనం ఒక్కసారి లేపితే అవి తినే టైమ్ పోతుంది, దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. ఒక ఆదివారం పది కయాక్‌లు పదిసార్లు లేపితే లెక్క మీరే వేసుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే తరమడం కూడా ఉంది. "తుపాకీ లేదు కదా, కెమెరానే కదా" అనే మాట అన్నిసార్లూ నడవదు.

మేం పెట్టుకున్న రూల్ ఒకటే: తలలు లేచాయంటే ఆపు. బాతులు మేత మానేసి, మెడలు నిటారుగా చేసి మన వైపు చూస్తున్నాయంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశాం. అక్కడే ఆగాలి. మళ్లీ తలలు దించితే ఉండొచ్చు, పక్కకి ఈదడం మొదలుపెడితే వెనక్కి రావాలి. గుడ్లు, పిల్లలు ఉన్న చోటికి అసలు పోవద్దు.

ఫోన్‌తోనే తీస్తే ఇలా తీయండి

- సీన్ ఆప్టిమైజర్, ఏఐ ఎన్‌హాన్స్ లాంటివి ఆఫ్. లెన్స్ అసలు జూమ్ ఎంతో అక్కడే ఆగండి. ఇంకా పెద్దది కావాలంటే పూర్తి మెగాపిక్సెల్ మోడ్‌లో తీసి ఇంటికొచ్చాక క్రాప్ చేసుకోండి.
- ప్రో మోడ్‌లో షట్టర్ 1/500 లేదా అంతకంటే వేగంగా. పడవ కదులుతుంది, బాతు కదులుతుంది, చెయ్యి కూడా కదులుతుంది.
- మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. ఫొటోకి స్క్రీన్ నొక్కకుండా వాల్యూమ్ బటన్ గానీ, వాచ్ గానీ వాడండి.
- సూర్యుడు మీ వెనక ఉండాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపే పని ముగించండి. తర్వాత నీళ్ల మీద వేడి గాలి అలలాడి, ఎంత గొప్ప లెన్స్ అయినా ఫొటో కరిగినట్టు వస్తుంది. మన వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు.
- ఐపీ68 ఉంది కదా అని ధీమా వద్దు. అది ల్యాబ్‌లో చేసే మంచినీళ్ల పరీక్ష, నీళ్లు పోయి పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు. ప్లాస్టిక్ పౌచ్‌లో పెట్టి తీస్తే ఫొటో మసకబారుతుంది. ఫోన్‌కి గట్టి తాడు కట్టి మెడలో వేసుకోవడం మేలు.
- లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. ఒంటరిగా పోవద్దు. ప్రాజెక్టు నీళ్లలోకి దిగే ముందు తప్పకుండా అనుమతి అడగండి.

కయాక్ లేకపోయినా దిగులు పడొద్దు. ఆదోనిలో కోట కింద రాంజల చెరువు గట్టున కూర్చున్నా కొంగల మీద, నీటికాకుల మీద చెయ్యి తిప్పుకోవచ్చు. కదలకుండా కూర్చోవడమే ఇక్కడ అసలు గేర్.

మరి డబ్బులు దేని మీద పెట్టాలి?

పక్షుల కోసమే లక్ష దాటిన ఫోన్ కొనాలనుకుంటే నా సలహా, ఆగండి. ఇప్పుడున్న ఫోన్ ఉంచుకుని, 8x42 బైనాక్యులర్ ఒకటి, దానికి ఫోన్ బిగించే అడాప్టర్ ఒకటి కొనండి. ముందు బాతుని మీ కళ్లతో చూస్తారు, తర్వాత ఫొటో. ఇంకా కావాలంటే నికాన్ పీ900 లాంటి పాత బ్రిడ్జ్ కెమెరా సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. 2015 నాటిదే అయినా 2000 ఎంఎం దాకా వెళ్లేది నిజమైన గాజు లెన్స్, సాఫ్ట్‌వేర్ కాదు. ఫోన్‌కి బయట బిగించే టెలిఫొటో ఎక్స్‌టెండర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. వివో, జైస్ కలిసి తెచ్చిన 2.35ఎక్స్ కిట్ 85 ఎంఎం లెన్స్‌ని 200 ఎంఎం చేస్తుంది. అంకె చిన్నదే, కానీ అది నిజమైన అంకె.

మాలాంటి రివ్యూలు రాసేవాళ్లకి కూడా నేను ఒకటి చెప్పాలి, నాతో సహా. జూమ్ టెస్ట్ అంటే చంద్రుడు, దూరంగా ఉన్న బిల్డింగ్ బోర్డు. ఈ రెండూ ఏఐకి బాగా తెలిసిన సబ్జెక్టులే. ఇకపై నేను రాసే ప్రతి టెలిఫొటో రివ్యూలో ఒక పక్షి ఉంటుంది. ఒకే పక్షిని వరసగా మూడు ఫొటోలు తీస్తాను. మూడింటిలో గీతలు ఒకేలా ఉంటే ఆ జూమ్‌కి మార్కులు. మారితే, బాక్స్ మీద ఎంత అంకె ఉన్నా సున్నా. ఫోన్ కంపెనీలు కూడా ఒక పని చేస్తే చాలు: ఎన్ని ఎక్స్ దాటాక ఏఐ గీయడం మొదలవుతుందో జూమ్ బార్ మీద ఒక గీత పెట్టి చూపించండి. ఆ గీత దాటాలా వద్దా మేం తేల్చుకుంటాం.

మావాడి ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఫోన్ మంచిదే, రాత్రి ఫొటోలు అదరగొడుతుంది. కానీ వాడి వాల్‌పేపర్ మీద ఇప్పుడున్నది ఆ 100ఎక్స్ బాతు కాదు. తుంగ గడ్డి పక్కన, ముక్కు చివర పసుపుతో, ఫ్రేమ్‌లో కాస్త చిన్నగా ఉన్న ఆ 5ఎక్స్ బాతే.